నాటకం చదివే పద్ధతి – 5వ పాఠం: శిక్ష ఎక్కడెక్కడ మారింది?

గత పాఠంలో పాత్రల రాకపోకలను గుర్తించడం సాధన చేశాము. ఈసారి తీర్పు ఘట్టాన్ని చదవడం నేర్చుకుందాం. ఇందుకు గ్రీకు నాటకకర్త సోఫోక్లీస్ క్రీ.పూ. 441 ప్రాంతంలో రాసిన ‘యాంటిగొనీ’ని ఎంచుకున్నాను. మూలంలో ఇది సుమారు 1350 పంక్తులు మాత్రమే కనుక, ఒక మధ్యాహ్నం కూర్చుంటే పూర్తవుతుంది.

కథ క్లుప్తంగా ఇది. థీబ్స్ నగరం మీద దండెత్తి వచ్చిన పాలినైసీస్, నగరం పక్షాన పోరాడిన అతని సోదరుడు ఎటియోక్లీస్ ఒకరి చేతిలో ఒకరు చనిపోతారు. వారి మేనమామ క్రియాన్ రాజవుతాడు. ఎటియోక్లీస్‌కు సకల మర్యాదలతో అంత్యక్రియలు జరిపించి, పాలినైసీస్ శవాన్ని మాత్రం కుక్కలకూ పక్షులకూ వదిలేయాలని చాటింపు వేయిస్తాడు. ఆ ఆజ్ఞను మీరి తోబుట్టువు యాంటిగొనీ శవం మీద మట్టి చల్లి, ఉత్తరక్రియగా నీరు వదులుతుంది. ఆమెకు నిశ్చయమైన వరుడు హేమన్ ఆ క్రియాన్ కొడుకే. మేనరికాలు ఎరిగిన గోదావరి జిల్లాల పాఠకులకు ఈ బంధుత్వం ఎంత బరువైనదో విడమరచి చెప్పనక్కరలేదు. బోనులో నిలబడినది న్యాయమూర్తికి మేనకోడలు, కాబోయే కోడలు కూడా. శ్మశానం వరద నీట మునిగితే శవాన్ని పడవ మీద గట్టుకు చేర్చయినా సంస్కారం జరిపించే లంక గ్రామాల వారికి, ఆ పిడికెడు మట్టి కోసం ఆమె ప్రాణానికి ఎందుకు తెగించిందో కూడా వెంటనే అర్థమవుతుంది.

ఈ నాటకం చదివేవారు సాధారణంగా రాజాజ్ఞ కంటే దేవతల అలిఖిత ధర్మం గొప్పదని యాంటిగొనీ వాదించే చోట ఆగిపోతారు. అది ఆగదగిన చోటే. అయితే మొదటిసారి చదివేటప్పుడు ఆ వాదాన్ని కాసేపు పక్కన ఉంచి, శిక్షను మాత్రమే వెంబడించమని కోరుతున్నాను. నోటు పుస్తకంలో పేజీ మధ్యగా ఒక గీత గీసి, ఎడమ వైపు ఆ క్షణాన అమలులో ఉన్న శిక్షను, కుడి వైపు దానిని మార్చిన మాటను, ఆ మాట అన్నవారి పేరును రాయండి. ఎవరు ధర్మం గురించి ఎంత గొప్పగా మాట్లాడినా, శిక్ష మారకపోతే ఏమీ రాయవద్దు.

నాటకం ఆరంభంలోనే మీ నోటు పుస్తకానికి మొదటి పంక్తి దొరుకుతుంది. ఆజ్ఞ మీరినవారిని ఊరి నడుమ రాళ్లతో కొట్టి చంపుతారు. యాంటిగొనీ పట్టుబడిన తరువాత క్రియాన్ ఆగ్రహం ఆమె చెల్లెలు ఇస్మీన్ మీదికి కూడా పాకుతుంది. ఇస్మీన్ మట్టి వేయలేదు. అయినా ఇద్దరూ చావవలసిందే అంటాడు. రెండో పంక్తి ఇది.

తరువాత హేమన్ వస్తాడు. ఈ ఘట్టాన్ని తొందరపడి చదవవద్దు. అతడు తన ప్రేమ ప్రస్తావన ఎత్తడు. నగరం ఆమె కోసం చాటుగా కన్నీరు పెడుతోందని చెబుతాడు. వరదకు వంగిన చెట్టు కొమ్మలతో నిలుస్తుందని, ఎదురు నిలిచినది వేళ్లతో సహా పోతుందని, తెరచాప తాడు సడలించని వాడి పడవ బోర్లా పడుతుందని తండ్రికి నచ్చజెబుతాడు. పోటెత్తిన గోదావరిలో మానులు కొట్టుకుపోవడం చూసిన మనకు ఈ మాటలు కవితా అలంకారంగా కాక, చూసిన సంగతిగానే వినిపిస్తాయి. ఇంత వివేకమైన విన్నపానికి ఫలితం ఏమిటి? ఆమెను ఇప్పుడే ఇతని కళ్లెదుట చంపండని క్రియాన్ అరుస్తాడు.

హేమన్ వెళ్లిపోయాక, థీబ్స్ పెద్దల బృందం ఒక చిన్న ప్రశ్న వేస్తుంది: ఇద్దరినీ చంపుతావా? క్రియాన్ తగ్గి, ముట్టని దానిని చంపను, మీరు చెప్పినది బాగుంది అంటాడు. ఇస్మీన్ బతికిపోయింది. మీ నోటు పుస్తకంలో కుడి వైపు, శిక్షను తగ్గిస్తూ పడే మొదటి సవరణ ఇదే. కొడుకు నిండు సభలో చేసిన దీర్ఘమైన విన్నపం పంతంగా మారగా, పెద్దల చిన్న ప్రశ్న రాజు పరువుకు భంగం లేకుండా వెనక్కి తగ్గే దారి చూపిందని నా అభిప్రాయం. పరిషత్తు నాటకాలలో ఈ పాత్రలు వేయబోయేవారు ఆ ప్రశ్నను గొంతు పెంచకుండా పలకాలి.

ఆ వెంటనే యాంటిగొనీ శిక్ష కూడా మారుతుంది; రాళ్ల దెబ్బలకు బదులు, జనసంచారం లేని చోట రాతి గుహలో సజీవంగా మూసివేత. ఆమెతోపాటు కొంచెం ఆహారం కూడా పెట్టమంటాడు. తొలిసారి చదివినప్పుడు ఇది దయగా కనిపించవచ్చు. కానీ ఆ ఆహారం ఎందుకో క్రియాన్ తానే చెబుతాడు: నగరానికి హత్యాదోషం అంటకుండా. ఆ మెతుకులు ఆమె ఆకలి కోసం కాదు, ఆమె చావు ఎవరి చేతికీ అంటకుండా ఉండడం కోసం. ఇటువంటి చోట దయ అన్న మాట తొందరపడి రాయవద్దు. రాళ్లు విసరడానికి ఊరివారి చేతులు కావాలి, ఊరు ఆమె పక్షాన ఉందని హేమన్ ఇప్పుడే చెప్పాడు గనుక శిక్ష మారిందా? అది మన ఊహ. నాటకం ఆ మాట అనదు. నాటకంలో ఉన్నదానిని ఒక రంగు సిరాతో, మన ఊహను మరో రంగుతో రాసే అలవాటు చేసుకోండి.

చివరి మార్పు అంధ ప్రవక్త టైరీసియస్ వల్ల వస్తుంది. పాతాళానికి చెందిన శవాన్ని భూమి మీద ఉంచావు, భూమికి చెందిన ప్రాణిని పాతాళానికి పంపావు అని అతడు క్రియాన్‌ను నిలదీస్తాడు. బెదిరిన క్రియాన్ ఏం చేయమంటారని పెద్దలను అడుగుతాడు. ముందు అమ్మాయిని గుహ నుంచి విడిపించు, పడి ఉన్నవాడికి సమాధి కట్టు అని వారు చెబుతారు. బంధించినవాడిని నేనే, విడిపిస్తాను అంటూ బయలుదేరుతాడు. ఇప్పుడు వార్తాహరుడి కథనం తెరిచి వరుసను చూడండి. క్రియాన్, అతని పరివారం ముందుగా శవం దగ్గరికి వెళ్లారు. ప్రార్థించి, అవశేషాలను కడిగి, పచ్చి కొమ్మలతో దహనం చేసి, మట్టిదిబ్బ పోశారు. గుహ దగ్గరికి ఆ తరువాతే వెళ్లారు. అప్పటికి యాంటిగొనీ ఉరి వేసుకుని ఉంది. హేమన్ తండ్రి మీద కత్తి దూసి, తప్పిపోగా, దాని మీద తానే పడ్డాడు. వార్త విన్న తల్లి యూరిడిసీ కూడా ప్రాణం తీసుకుంది.

ముందు గుహకు వెళ్లి ఉంటే ఆమె బతికేదని సోఫోక్లీస్ ఎక్కడా చెప్పడు. అయినా పెద్దలు చెప్పిన వరుసను, క్రియాన్ పాటించిన వరుసను పక్కపక్కన ఉంచాడు. దోషభయంతో కదిలినవాడు మొదట దోషమున్న చోటికే వెళ్లాడని, బతికి ఉన్న మనిషి అతనికి ఇంకా రెండో పనిగానే ఉందని నేను చదువుకుంటాను. క్రియాన్‌కు ఏ న్యాయస్థానమూ శిక్ష వేయదు. న్యాయం ఆలస్యంగా కనబడినట్టుందని పెద్దలు అంటారు. చావు కావాలని అతడు వేడుకుంటే అది కూడా దొరకదు.

వచ్చే పాఠంలోగా, పాలినైసీస్ శవానికి కాపలా ఉండి, దాని మీద మట్టి పడిందన్న కబురు రాజుకు తెచ్చే కావలివాడి రెండు ప్రవేశాలను ఇద్దరు కూర్చుని బిగ్గరగా చదవండి. చీటీలు వేసి పంపగా వచ్చిన ఈ సామాన్యుడిని, రుజువు లేకుండానే క్రియాన్ లంచగొండి అని నిందించి, చంపడానికి ముందు బతికుండగానే వేలాడదీస్తానని బెదిరిస్తాడు. ఆ శిక్ష ఎప్పుడు, ఎందువల్ల రద్దయింది? రద్దు చేస్తున్నట్టు క్రియాన్ నోటితో అన్నాడా? జవాబును రెండు రంగుల్లో రాసి ఉంచుకోండి. ఆరో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.