మండల పోలీస్ స్టేషన్‌పై ఊరి పర్యవేక్షణ: ఐదారుగురు కలిస్తే చేయగల పని

మా ఊళ్లో ఒక అవ్వ చేను దగ్గర బోరు మోటారు పోయింది. పాతిక వేలు అప్పు తెచ్చి కొన్న మోటారు అది. ఎవరితోనో పిటిషన్ రాయించుకొని, దాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, కొంగున ముడి వేసుకొని ఆమె మూడుసార్లు స్టేషన్‌కు తిరిగింది. మొదటిసారి "ఎస్సై సారు బందోబస్తుకు పోయిండు, రేపు రా అవ్వా" అన్నారు. రెండోసారి కాగితం తీసుకొని పక్కన పెట్టారు. మూడోసారి నేను కూడా వెంట వెళ్లాను, అప్పటికి ఆ కాగితమే కనిపించలేదు. ఆమె దగ్గర నకలు లేదు, రసీదు లేదు, ఇచ్చిన తేదీ గుర్తు లేదు. నంబరు పడని కాగితానికి ఎవరూ జవాబుదారీ కారని నాకు ఆ రోజు తెలిసింది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని ఏ మండలంలోనైనా కొద్దిమంది కలిసి, చట్టంలో ఇప్పటికే ఉన్న దారులను పట్టుకొని, తమ స్టేషన్ పనితీరును ఎలా గమనించాలో, దేన్ని ఎవరిని అడగాలో ఇక్కడ రాస్తున్నాను.

పోలీసులపై పౌర పర్యవేక్షణ అనేది మనం కొత్తగా కోరుతున్నది కాదు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఏడు ఆదేశాల్లో పోలీసు ఫిర్యాదుల అథారిటీలను ఏర్పాటు చేయాలన్నది ఒకటి. డీఎస్పీ స్థాయి వరకు ఉన్న అధికారులపై ఫిర్యాదులను విశ్రాంత జిల్లా జడ్జి అధ్యక్షతన జిల్లా అథారిటీ, ఎస్పీ, ఆపై స్థాయి వారిపై వచ్చేవాటిని విశ్రాంత హైకోర్టు లేదా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన రాష్ట్ర అథారిటీ విచారించాలని కోర్టు చెప్పింది. అయితే కస్టడీలో మరణం, తీవ్ర గాయం, అత్యాచారం, బలవంతపు వసూళ్లు, భూమి కబ్జా వంటి పెద్ద తప్పుల కోసం ఉద్దేశించిన వ్యవస్థ అది. చందంపేట నుంచో లింగాల నుంచో కూలి పోగొట్టుకొని వచ్చే మనిషికి రిసెప్షన్ బల్ల దగ్గర జరిగే రోజువారీ అన్యాయం అక్కడిదాకా వెళ్లదు. దాన్ని చూడవలసింది దగ్గరున్న మనమే.

బృందంలో ఐదుగురి నుంచి ఏడుగురు చాలు. ఇద్దరికి తగ్గకుండా మహిళలు ఉండాలి. దళితవాడ నుంచి, తండాలుంటే తండా నుంచి, నల్లమల వైపైతే చెంచుపెంట నుంచి తప్పనిసరిగా ఒకరు ఉండాలి. ఎందుకంటే స్టేషన్‌లో అందరికంటే ఎక్కువ సేపు నిలబడేది వాళ్లే. విశ్రాంత ఉపాధ్యాయుడో, పోస్టల్ ఉద్యోగో ఒకరుంటే కాగితం పని చక్కగా నడుస్తుంది. ఏ పార్టీ మండల పదవిలో ఉన్నవారినీ తీసుకోవద్దు. స్టేషన్‌లో పైరవీలు చేసి బతికేవారిని అసలే దగ్గరికి రానీయవద్దు. 1980లలో రద్దయ్యే దాకా మన ఊళ్లలో పోలీస్ పటేల్ ఉండేవాడని, ఠాణాకు పోవాలంటే ముందు ఆయన గడప తొక్కవలసి వచ్చేదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. పదవి పోయినా ఆ మధ్యవర్తిత్వం చాలా ఊళ్లలో మిగిలే ఉంది. మన బృందం ఇంకో పోలీస్ పటేల్ కాకూడదు. అందుకే తగాదాలు తెంపబోమని, ఎవరు దోషో తేల్చబోమని, ఏ కేసులోనూ ఒక పక్షం తరఫున మాట్లాడబోమని, ఎవరి దగ్గరా చాయ్ డబ్బులు కూడా తీసుకోబోమని మొదటి సమావేశంలోనే రాసుకొని అందరూ సంతకం పెట్టండి. మనం చూసేది పద్ధతి పాటించారా లేదా అన్నది మాత్రమే.

తర్వాత ఇద్దరు వెళ్లి ఎస్సైని కలిసి, బృందం ఏర్పడిందన్న సంగతి రాతపూర్వకంగా తెలపండి. చాటుగా చేయవలసిన పని కాదిది. వెళ్లినప్పుడు స్టేషన్ గోడలను చదవండి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ ప్రకారం ప్రతి స్టేషన్‌లో ఏఎస్సైకి తగ్గని ఒక అధికారి అరెస్టయిన వారి వివరాలకు బాధ్యుడిగా ఉండాలి, ఆ వివరాలు అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. ఆ బోర్డు ఉందా, ఉంటే చివరిసారి ఎప్పుడు రాశారో చూడండి. కూర్చోవడానికి బల్ల, తాగడానికి నీళ్లు, మహిళలకు మరుగుదొడ్డి, రిసెప్షన్‌లో మహిళా కానిస్టేబుల్ ఉన్నారా అన్నవి చిన్న విషయాలుగా కనిపిస్తాయి గానీ, ఆడపిల్లను వెంటబెట్టుకొని వచ్చిన తల్లి లోపలికి అడుగు పెట్టాలా వద్దా అన్నది వాటి మీదే ఆధారపడి ఉంటుంది.

బృందం ఎక్కువ కాలం వెచ్చించవలసింది ఎఫ్ఐఆర్ దగ్గర. కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, జరిగినట్లు సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా సమాచారం తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాం. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్లు లేదా అంతకు పైన, ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ముగిసేలా ప్రాథమిక విచారణ జరపవచ్చు. కనుక "విచారణ చేస్తున్నాం" అని చెప్పినప్పుడు, అనుమతి ఏ తేదీన వచ్చిందని మర్యాదగా అడగవచ్చు.

ఆచరణలో చేయవలసింది ఇది. పిటిషన్ రెండు ప్రతులు రాయించండి. ఏం జరిగింది, ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏం పోయింది, ఎవరు చూశారు అన్న వరసలో, తిట్లు, అనుమానాలు లేకుండా ఒక పేజీలో ముగించండి. రెండో ప్రతిపై స్టేషన్ ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకోండి. తీసుకోనంటే వాదనకు దిగవద్దు. ఆ పూటే పోస్టాఫీసుకు వెళ్లి, పిటిషన్‌తో పాటు "ఫలానా తేదీన స్టేషన్‌లో తీసుకోలేదు" అన్న ఒక్క వాక్యం రాసి ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. 173వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ చూపిన దారి అదే. అక్కడా కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేయవచ్చు. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది, ఫోన్ నంబరు 15100. మా అవ్వ పిటిషన్‌ను కూడా అలాగే మళ్లీ రాసి పోస్టు చేశాం. పదకొండో రోజున ఎఫ్ఐఆర్ నకలు ఆమె చేతికి వచ్చింది. మోటారు దొరకలేదు. కానీ ఆ తర్వాత దర్యాప్తు ఎంతవరకు వచ్చిందని అడగడానికి ఆమెకు ఒక నంబరు దొరికింది. దర్యాప్తు పురోగతిని 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకు తెలపాలని 193వ సెక్షన్ చెబుతోంది కాబట్టి ఆ తేదీని కూడా పుస్తకంలో ముందుగానే రాసి పెట్టుకున్నాం.

ఎవరినైనా స్టేషన్‌కు తీసుకెళ్లారని తెలిస్తే ముందు గంట రాసుకోండి, ఎందుకంటే ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచవలసిందే. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, బంధువుకో మిత్రుడికో తెలపాలి, అరెస్టు మెమోపై కుటుంబ సభ్యుడో ఊరి పెద్దమనిషో సాక్షిగా సంతకం చేయాలి, వైద్య పరీక్ష చేయించాలి. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో సాధారణంగా ముందు నోటీసు ఇచ్చి పిలవాలి తప్ప నేరుగా అరెస్టుకు దిగకూడదు. సాక్షిగా విచారించడానికి మహిళలను, 60 ఏళ్లు దాటిన పురుషులను, 15 ఏళ్లలోపు బాలురను, దివ్యాంగులను స్టేషన్‌కు రమ్మని ఒత్తిడి చేయరాదని, వారి ఇంటి దగ్గరే విచారించాలని 179వ సెక్షన్ అంటోంది. ఈ ఒక్క నిబంధనను పెద్ద అక్షరాలతో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తే ఎందరో ముసలివాళ్లకు ఎండలో నిలబడే బాధ తప్పుతుంది.

మన ఊళ్లలో చందాలు వేసుకొని కూడళ్లలో సీసీ కెమెరాలు పెట్టించుకున్నాం. స్టేషన్ లోపలి కెమెరాల గురించి మాత్రం ఎవరూ అడగరు. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో గేటు, లాకప్, వరండా, ఎస్సై గది, మరుగుదొడ్ల బయట సహా అన్నిచోట్లా మాట కూడా రికార్డయ్యే కెమెరాలు ఉండాలని, రికార్డింగును 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని ఆదేశించింది. వాటిని చూసే జిల్లా కమిటీలో కలెక్టర్, ఎస్పీతో పాటు మున్సిపల్ మేయర్ లేదా జిల్లా పరిషత్ అధ్యక్షులకు కూడా చోటుంది. అంటే మనం ఓటేసి ఎన్నుకునే వ్యవస్థకు అక్కడ కుర్చీ ఉంది. మన ప్రజాప్రతినిధులు ఆ కుర్చీని గట్టిగా వాడుకోవాలన్నది నా కోరిక. స్టేషన్‌లో కొట్టారన్న ఆరోపణ వస్తే, తేదీ, గంట రాసి ఆ రికార్డింగును భద్రపరచాలని వెంటనే ఎస్పీకి లేఖ పంపండి. ఆలస్యమైతే అడగడానికి ఏమీ మిగలదు.

అంకెల కోసం సమాచార హక్కు చట్టాన్ని వాడండి. ఎస్పీ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దర్యాప్తులో ఉన్న కేసు వివరాలు అడిగితే నిరాకరించే అవకాశం ఉంది కాబట్టి లెక్కలు అడగండి: గత ఏడాది వచ్చిన పిటిషన్లు ఎన్ని, వాటిలో ఎఫ్ఐఆర్ అయినవి ఎన్ని, కెమెరాలు ఎన్ని, పనిచేస్తున్నవి ఎన్ని, మంజూరైన పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, ఐదేళ్లలో ఎందరు ఎస్సైలు మారారు. చివరి మూడు ప్రశ్నలు పోలీసుల మేలు కోసం కూడా. స్టేషన్ అధికారికి కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలన్నది 2006 ఆదేశాల్లోనిదే. ఏడాది తిరక్కముందే బదిలీ అయ్యే ఎస్సైకి ఊరి పేర్లు తెలిసేలోపు కాలం అయిపోతుంది. ఉండవలసినంత మంది లేని స్టేషన్‌లో కానిస్టేబుల్ వరుస డ్యూటీలతో అలసి, ఆ విసుగును అవ్వ మీద చూపుతాడు. సిబ్బందిని పెంచమని అడగడం కూడా పర్యవేక్షణలో భాగమే.

సోమవారం జిల్లా పోలీసు కార్యాలయంలో జరిగే గ్రీవెన్స్‌కు వ్యక్తిగత బాధితులు వెళ్తారు. బృందం వెళ్తే మూడు నెలల లెక్కతో, ఒకే అభ్యర్థనతో వెళ్లాలి. ప్రతి నెల 30న తహసీల్దారు, ఎస్సై ఎస్సీ, ఎస్టీలపై వివక్ష గురించి ఏదో ఒక ఊళ్లో జరిపే పౌరహక్కుల దినానికి తప్పక హాజరుకండి. చాలాచోట్ల అది ఫొటోతో ముగుస్తుంది. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో దర్యాప్తును డీఎస్పీ స్థాయి అధికారి 60 రోజుల్లో పూర్తి చేయాలి, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి సమావేశం కావాలి. ఈ రెండు విషయాలను అక్కడే అందరి ముందూ అడిగి, వచ్చిన జవాబును రాసుకోండి. మానవ హక్కుల కమిషన్‌కు వెళ్లవలసిన విషయమైతే ఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి, ఆ గడువు దాటితే కమిషన్ విచారణ చేపట్టదు.

బృందంలో ఎవరూ ఒంటరిగా స్టేషన్‌కు వెళ్లవద్దు. బాధితుల పేర్లు, ముఖ్యంగా ఆడపిల్లల పేర్లు, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టవద్దు. పుస్తకంలో వరుస సంఖ్య, పిటిషన్ ఇచ్చిన తేదీ, రసీదు వచ్చిందా, ఎఫ్ఐఆర్ నంబరు, 90వ రోజు ఏ తేదీ అన్న గడులు చాలు. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి కాబట్టి, పేర్లు తీసేసిన ఆ లెక్కను ప్రతి గ్రామసభలో చదవండి. చదవడానికి వారం ముందు ఒక ప్రతి ఎస్సైకి ఇచ్చి, ఆయన రాసి ఇచ్చిన జవాబును కూడా అదే సభలో, ఒక్క మాట తగ్గించకుండా చదివి వినిపించండి.