సంక్రాంతి మాంజా: పిల్లల చేత చెట్ల మీది దారం తీయించడం ఎలా?

కనుమ మర్నాటికి పతంగులు అటకెక్కుతాయి. దారం మాత్రం చెట్ల మీదే ఉండిపోతుంది. నూలు దారమైతే కొన్నాళ్లకు చివికిపోతుంది కానీ నైలాన్ అంత తొందరగా చివకదు. సందెవేళ గూటికి చేరే కాకులూ గద్దలూ, రాత్రి తిరిగే గుడ్లగూబలూ గబ్బిలాలూ నెలల తరబడి అందులో చిక్కుకుంటూనే ఉంటాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నైలాన్, సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించింది. అయినా దొరుకుతూనే ఉంది. పిల్లల చేతికి నినాదాలు రాసిన అట్టలిచ్చి ఊరేగించే బదులు, పండగ తర్వాత వచ్చే మొదటి ఆదివారం ఈ దారం తీయించండి.

ముందురోజు పొద్దుగూకే వేళ పిల్లలతో పేటంతా ఒకసారి తిరగండి. కాకులు, గోరింకలు, కొంగలు ఏ చెట్టు మీద వాలుతున్నాయో రాసుకోండి. చెట్టు కింద నేల తెల్లటి రెట్టలతో నిండి ఉంటే అది రాత్రి బస చేసే చెట్టే. మొదట తీయాల్సిన దారం అక్కడిది. ఖాళీ మైదానం అంచున ఉన్న చెట్టు మీద దారం ఎక్కువ కనిపించినా, దాన్ని తర్వాత చూసుకోవచ్చు.

ఐదుగురు పిల్లలకు పెద్దవాళ్లు ఒకరుండాలి. పదేళ్లు దాటినవాళ్లు దారం తీస్తారు, చిన్నవాళ్లు లెక్క రాస్తారు. కావలసినవి: అరచేతికి రబ్బరు పూత ఉన్న చేతి తొడుగులు, బూట్లు, కత్తెర, టోపీ, మూతున్న ఖాళీ ప్లాస్టిక్ సీసా, మామిడికాయలు కోసే వెదురు దోటి. అల్యూమినియం గొట్టం వద్దేవద్దు.

ఉదయం 9 నుంచి 11 మధ్య మొదలుపెట్టండి. అప్పటికి పక్షులు మేతకు వెళ్లిపోతాయి. దోటి కొనకు ఎండు తుమ్మకంప ఒకటి గట్టిగా కట్టి, దారానికి తగిలించి, కవ్వంలా ఒకే వైపుకు తిప్పండి. దారం ముళ్లకు చుట్టుకుంటుంది. పది పన్నెండు చుట్లు పడ్డాక మెల్లగా కిందికి దించండి. పిల్లలు సాధారణంగా చేసే పొరపాటు దారం కొస దొరకగానే బలంగా లాగడం. అలా లాగితే దారం కొమ్మకు బిగుసుకుని పైన తెగుతుంది, సగం అక్కడే వేలాడుతుంది, చేయీ తెగుతుంది. చెట్టెక్కనివ్వకండి. దోటికి అందనిది వదిలేసి, చెట్టు గుర్తు రాసుకోండి.

కరెంటు తీగల దగ్గర దోటి ఎత్తకూడదు. పచ్చి వెదురులోనూ, లోహపు పొడి పూసిన మాంజాలోనూ కరెంటు పారుతుంది. తీగ మీద దారం కనిపిస్తే 1912కి ఫోన్ చేసి స్తంభం నంబరు చెప్పండి. తొర్రల్లో దోటి పెట్టి కెలకకూడదు, పగలు గుడ్లగూబలు నిద్రపోయేది అక్కడే. గద్దలు శీతాకాలంలోనే గూళ్లు కడతాయి. గద్ద మీ తల మీదుగా పదేపదే దూసుకొస్తుంటే దగ్గర్లో గూడున్నట్టే, ఆ చెట్టు వదిలి వెనక్కి రండి.

చిక్కుకున్న పక్షి చేతికి అందే ఎత్తులో ఉంటే దాన్ని విడిపించే పని పెద్దవాళ్లదే. తువ్వాలుతో తలతో సహా కప్పి, రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకోవాలి. గద్దయితే ముక్కు కన్నా గోళ్లతోనే ప్రమాదం. దారాన్ని పక్షికి రెండు వైపులా జానెడు దూరంలో కత్తిరించండి. రెక్కలో దిగిన ముక్కను లాగకండి, లాగితే కండరం ఇంకా తెగుతుంది. గాలికి చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, అటవీ శాఖకో జంతు రక్షకులకో ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నయమయ్యేదాకా ఇంట్లో పెంచుకుందామని పిల్లలు అడుగుతారు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఒప్పుకోదని అప్పుడే చెప్పేయండి.

లెక్క చిన్నదిగా ఉంటేనే పిల్లలు రాస్తారు: చెట్టు పేరు, స్థలం, ఎన్ని ముక్కలు తీశారు, ఎన్ని మిగిలాయి, చిక్కిన పక్షి ఏది. చివర్లో దారమంతా వంటింటి కాటా మీద తూచండి. వచ్చే సంక్రాంతికి ముందు ఈ పట్టికను కాలనీ సంఘానికి చూపిస్తే, ఏ మైదానం దగ్గర మాంజా అమ్మకాన్ని ఆపించాలో వాళ్లకు తెలుస్తుంది.

తీసిన దారాన్ని ఉండగా చుట్టి చెత్తబుట్టలో వేస్తే ఆవుల కడుపులోకో కుక్కల కాళ్లకో చేరుతుంది. బెత్తెడు ముక్కలుగా కత్తిరించి సీసాలో కుక్కి, మూత బిగించి పొడి చెత్తలో వేయండి. కాల్చవద్దు.