కంపోస్టు కుప్పను పిల్లలకే వదిలేయండి: 12–15 ఏళ్ల మాంటిస్సోరి బృందానికి

ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 12 నుంచి 18 ఏళ్ల వయసును ప్రత్యేక దశగా చూశారు. ఈ వయసులో నేల మీద పని, వచ్చింది అమ్ముకుని లెక్క చూసుకోవడం ఉండాలన్నారు. దానికి పొలమే అక్కర్లేదు, కంపోస్టు కుప్ప చాలు.

కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు తలా ఒక మీటరు. అంతకన్నా చిన్నదైతే వేడి నిలవదు. రెండుమూడు బకెట్ల ఎండుటాకులకు ఒక బకెట్ పచ్చి వ్యర్థాలు (కూరగాయల తొక్కలు, పచ్చగడ్డి లాంటివి), వరసలుగా వేసి తడపాలి. పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పిండితే ఒకటిరెండు చుక్కలు రాలాలి. ధార కట్టిందంటే నీళ్లెక్కువైనట్టే. మాంసం, నూనె, పాలు వేయొద్దు. చేతి తొడుగులు, దుమ్ము లేచేటప్పుడు మాస్కు తప్పనిసరి.

పొడవాటి థర్మామీటరు నడిమధ్యకు గుచ్చి, రోజూ ఒకే వేళకు చూసి రాసుకోవాలి. కొద్ది రోజుల్లోనే 50–65 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. 65 దాటినా, వేడి పడిపోతున్నా తిరగవేయాలి.

టీచర్లు తడబడేది ఇక్కడే. కుప్ప వేడెక్కలేదని పిల్లలు రాగానే కారణం చెప్పేస్తారు. చెప్పకండి, రాసుకున్న పుస్తకం తెమ్మనండి. అమోనియా ఘాటు వస్తే పచ్చిది ఎక్కువైంది, ఎండుటాకులు కలపాలి. కుళ్లిన గుడ్ల వాసనైతే తడి ఎక్కువై గాలి ఆడట్లేదు. వాసనా లేదు, వేడీ లేదంటే ఎండిపోయి ఉండాలి, లేదా పచ్చిది చాలలేదు. ఈ మూడూ వాళ్లు ముక్కుతో, చేత్తో పట్టేయగలరు. ప్రమాదం ఉంటే తప్ప మీరు పార పట్టకండి. నలభై నిమిషాల పీరియడ్‌లో మాత్రం ఇది సాగదు. పార కడిగేసరికే గంట కొడతారు. మధ్యలో ఎవరూ కదిలించని మూడు గంటలు ఇవ్వండి.

పెట్టుబడిని బడి అప్పుగా ఇవ్వాలి, ఊరికే ఇస్తే లెక్కకు విలువుండదు. సంచులు, థర్మామీటరు ఖర్చులో రాయడం మరిచిపోతుంటారు. లాభం ఎక్కువ కనిపించిందంటే ముందు అది చూడమనండి. జమాఖర్చులు, అమ్మకం, కొలతల పనులు నెలనెలా చేతులు మారాలి.

వేడి పూర్తిగా చల్లారాక కనీసం ఒక నెల మాగనివ్వాలి. అమ్మే ముందు గుప్పెడు తడి కంపోస్టును సంచిలో బిగించి మూడు రోజులు ఉంచి విప్పాలి. మట్టి వాసన వస్తే సరే. పుల్లగానో, ఘాటుగానో కొడితే ఇంకా మాగలేదు. కొనేవాళ్లు ఎదురుచూస్తున్నా సరే, అమ్మాలా ఆగాలా అన్నది బృందమే కూర్చుని తేల్చుకోవాలి.