రాత పని, క్యారమ్స్ బోర్డు: నాకు సెట్ అయిన పద్ధతి

ఇంటి నుంచే సీరియల్‌కి డైలాగులు రాస్తా నేను, రోజుకో ఎపిసోడ్ ఇవ్వాలి. పోయిన ఎండాకాలం దాకా ఎలా ఉండేదంటే పొద్దున టీ గ్లాసుతో కూర్చుంటే రాత్రి పదకొండు దాకా లేచేదే లేదు, మెడ పట్టేసేది, కళ్ళు మంటలు, పైగా రాసిన దాంట్లో సగం చెత్త, అత్తగారు నాలుగు సీన్లలోనూ ఒకే మాట అంటుంది.

ముందు పొమొడోరో ట్రై చేశా, 25 నిమిషాలు పని 5 నిమిషాలు బ్రేక్ (ఇటాలియన్‌లో టమాటా అని అర్థం, కనిపెట్టినాయన టమాటా ఆకారంలో ఉన్న కిచెన్ టైమర్ వాడాడట). నాకు పడలా. సీన్ మంచి ఊపులో ఉండగా అలారం మోగితే ఒళ్ళు మండేది, ఆ 5 నిమిషాలూ ఫోనే చూసేదాన్ని.

చివరికి పనిచేసినవి రెండే. సాయంత్రం ఆరింటికి డైలాగ్ మధ్యలోనే ఆపేయడం ఒకటి, "నువ్వు ఆ రోజు గనక" అని సగంలో వదిలేసి ల్యాప్‌టాప్ మూసేస్తా, దాంతో పొద్దున ఖాళీ పేజీ చూస్తూ గంట కూర్చునే బాధ పోయింది. రెండోది మా మామయ్యగారితో క్యారమ్స్. ఆయన పౌడర్ చల్లి అరచేత్తో బోర్డు రుద్దుతుంటేనే నాకు మెడ సగం వదులవుద్ది. రెడ్ కాయిన్ వేశాక ఫాలో (దాని వెంటే మన కాయిన్ ఇంకోటి) పడకపోతే దాన్ని మళ్ళీ మధ్యలో పెట్టాలి కదా, ఆ టెన్షన్‌లో సీరియల్ అత్తగారు గుర్తుకే రాదు. వాకింగ్ అయితే బుర్రలో డైలాగులే తిరుగుతాయి, అందుకే మానేశా.

ఆదివారం అసలు రాయను, దానికోసం శనివారం రెండు ఎపిసోడ్లు లాగాలి, అదింకా కష్టంగానే ఉంది. నిన్నయితే మామయ్యగారు ఐదున్నరకే వచ్చి "ఏమ్మా, ఇచ్చేశావా, బోర్డు తీయనా" అంటున్నారు.