ఏదీ అబ్బురంగా అనిపించడం లేదా? ఇలా చేసి చూడండి

సమస్య: నిండు చందమామ కనిపించినా "పున్నమి కదా" అనుకుని తల దించేసుకుంటున్నాం. దేన్ని చూసినా మామూలుగానే ఉంటోంది.

కారణం: పదే పదే చూసినదానికి మెదడు స్పందించడం తగ్గిస్తుంది. అది తప్పేమీ కాదు, లేకపోతే ఒంటి మీది బట్టల స్పర్శే రోజంతా మనల్ని సతాయించేది. అసలు చిక్కు, దాని వెంటే వచ్చే "తెలిసిందేలే" అన్న ఆలోచన. మనకన్నా ఎంతో పెద్దదేదో ఎదురవ్వాలి, దాన్ని పట్టుకోవడానికి మన పాత అవగాహన చాలకపోవాలి. అప్పుడే అబ్బురం కలుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు డాకర్ కెల్ట్నర్, జొనాథన్ హైట్ 2003లో వివరించారు. అంతా తెలుసనుకున్నాక ఆ రెండోది ఎలా జరుగుతుంది? పేరు తెలిసినంత మాత్రాన ఆ వస్తువు తెలిసిపోయినట్టు కాదు.

పరిష్కారం: "తెలిసిందేలే" అనిపించగానే "ఇందులో నాకు తెలియనిదేంటి?" అని అడగండి. కిటికీలోంచి చేతి మీద ఎండ పడుతోంది అనుకుందాం. వేళ్లు కదపకుండా చూడండి. ఒక్కో సన్నని వెంట్రుకకూ ఓ నీడ ఉంటుంది. ఆ వెలుగు సూర్యుణ్ణి వదిలి సుమారు 8 నిమిషాలైంది. దాదాపు 15 కోట్ల కిలోమీటర్లు దాటి వచ్చి ఇప్పుడు మీ చర్మాన్ని వెచ్చబరుస్తోంది. నాకైతే ఈ ఒక్క ఆలోచన చాలు, ఎండను మళ్లీ కొత్తగా చూడ్డానికి.

సమస్య: అంత టైమ్ లేదు.

పరిష్కారం: వారానికి 15 నిమిషాల నడక చాలు. 2020లో వెలువడిన ఓ అధ్యయనంలో పెద్ద వయసువాళ్లు 8 వారాలు ఇలాగే నడిచారు, చుట్టూ ఉన్నవాటిని కొత్త కళ్లతో చూస్తూ. వాళ్లు తీసుకున్న సెల్ఫీల్లో వారాలు గడిచేకొద్దీ తాము చిన్నగా, పరిసరాలు ఎక్కువగా కనిపించాయి. నవ్వు మాత్రం పెద్దదైంది! ఫోన్‌ను మాత్రం జేబులోంచి ఊరికే తీయకండి.

సమస్య: ప్రకృతిని చూసినా ఏమీ కలగడం లేదు.

కారణం: బహుశా వెతికే చోటు వేరు కావచ్చు. కెల్ట్నర్ బృందం 26 దేశాల నుంచి సేకరించిన అనుభవాల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది కొండలూ సముద్రాలూ కాదు, తోటి మనుషుల మంచితనం, ధైర్యం.

పరిష్కారం: రాత్రి పడుకునే ముందు, ఈరోజు ఎవరు ఎవరికి సాయం చేయడం చూశానా అని గుర్తు చేసుకోండి. "వాళ్లకేం లాభమో" అన్న అనుమానాన్ని కాసేపు పక్కన పెట్టండి. నిద్ర, ఆకలి కూడా తగ్గి, వారాల తరబడి ఏదీ ఇష్టంగా అనిపించకపోతే మాత్రం ఈ చిట్కాలతో సరిపెట్టుకోకుండా డాక్టర్‌ను కలవండి.