డంప్ ఫైల్ వేరే సిస్టమ్‌లో ఎక్కకపోతే

హన్మకొండ, కాజీపేట వైపు ఇంజినీరింగ్ చదివే పిల్లలకు ప్రాజెక్ట్ డెమో ముందు వచ్చే టెన్షన్ ఇది: సొంత ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచిన డేటాబేస్‌ను డంప్ ఫైల్‌గా (డేటాబేస్ మొత్తాన్ని టెక్స్ట్‌గా రాసిపెట్టిన కాపీ) తీసుకెళ్తే ల్యాబ్ సిస్టమ్‌లో ఇంపోర్ట్ కాదు. కంగారుపడి అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. ముందు ఎర్రర్ నంబర్ చూడండి.

1273, ‘అన్‌నోన్ కొలేషన్’ అని వస్తే తేడా డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ దగ్గరే ఉంది. కొలేషన్ అంటే అక్షరాలను పోల్చే, వరుసలో పెట్టే పద్ధతి. మైఎస్‌క్యూఎల్ 8.0 డిఫాల్ట్‌గా యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ అనే కొలేషన్ రాస్తుంది. పాత 5.7కి, జాంప్ ప్యాకేజీతో వచ్చే మరియాడీబీ అనే డేటాబేస్‌కి అది తెలియదు. డంప్ ఫైల్‌కు ఒక కాపీ తీసి పెట్టుకుని, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో ఆ పేరున్న ప్రతిచోటా యూటీఎఫ్8ఎంబీ4_యూనికోడ్_సీఐ అని రీప్లేస్ చేయండి. దానికి ముందు క్యారెక్టర్ సెట్‌గా (అక్షరాలను దాచే పద్ధతి) ఉన్న యూటీఎఫ్8ఎంబీ4ను మాత్రం కదపొద్దు. దాని బదులు లాటిన్1 పెడితే, తెలుగులో ‘ఓరుగల్లు’ అని ఉన్నచోట ప్రశ్నార్థకాలే మిగులుతాయి. మన పేర్లు, ఊళ్లు అలా పాడవడం నాకు అస్సలు నచ్చదు.

విండోస్ పవర్‌షెల్‌లో డంప్ తీసేటప్పుడు > గుర్తు వాడితే ఫైల్ యూటీఎఫ్-16 అనే వేరే ఎన్‌కోడింగ్‌లో సేవ్ అవుతుంది, అది ఇంపోర్ట్ కాదు. ఆ గుర్తు బదులు డంప్ కమాండ్‌కే రిజల్ట్-ఫైల్ ఆప్షన్ ఇవ్వండి. లినక్స్ సర్వర్‌లో పెడుతుంటే టేబుల్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాలు కోడ్‌తో సరిపోయాయో లేదో కూడా చూసుకోండి. విండోస్ పట్టించుకోదు, లినక్స్ మాత్రం టేబులే లేదంటుంది.