గ్లాస్ నూడుల్స్ వేపుడు: పొయ్యి వెలిగించే ముందు

ఉడికాక గాజులా పారదర్శకంగా కనిపించే ఈ నూడుల్స్‌ను ముందే ఉడికించొద్దు. గోరువెచ్చని నీళ్లలో 10–15 నిమిషాలు నానితే చాలు. వేలికి చుట్టుకోవాలి, కొరికితే మధ్యలో కాస్త గట్టిగా తగలాలి. మిగతాది బాణలిలోనే ఉడుకుతుంది. ముందే మెత్తబడితే ముద్దైపోతుంది, ఇక బాగుచేయలేం.

ప్యాకెట్ చదవండి. ఈ లెక్క పెసల స్టార్చ్‌తో చేసిన సన్నవాటికి. చిలగడదుంప స్టార్చ్‌తో చేసిన లావువి ఇంకా ఎక్కువసేపు నానాలి.

నానాక కత్తెరతో రెండు మూడు చోట్ల కత్తిరించండి, లేకపోతే ఉండకట్టి సాస్ పట్టదు.

100 గ్రాములకు ఒక కప్పు వేడి స్టాక్ (మాంసం లేదా కూరగాయలు ఉడికించిన నీళ్లు) పక్కనే ఉండాలి. అది పోయకపోతే నూడుల్స్ తడంతా పీల్చేసి అడుగంటుతాయి.

చైనాలోని సిచువాన్ పద్ధతిలో పంది కీమా, దోబన్‌జ్యాంగ్‌తో చేస్తుంటే ఉప్పు చివర్లో, రుచి చూశాకే. ఆ మిరప-బీన్ ముద్దలో, సోయా సాస్‌లో ఉప్పు చాలానే ఉంటుంది.